బొద్దుతనం ముద్దే గాని, ఆయుష్షుకు ముప్పు

మహాప్రస్థాన సమయంలో తన వెంట నడచివచ్చిన శునకాన్ని విడిచిపెట్టి స్వర్గానికి రావడానికి ధర్మరాజు అంగీకరించలేదని భారతం చెబుతున్నది. నమ్మి వెంట వచ్చినదానిని విడువరాదన్న ఆ ధర్మాన్ని మన కుటుంబాలు నేటికీ పాటిస్తూనే ఉన్నాయి. రాయ్‌పూర్‌లోని మన తెలుగువారి క్వార్టర్లలో తెల్లని బొచ్చుతో గుమ్మంలో కూర్చున్న చిన్న కుక్క సుపరిచితమైన దృశ్యం. 1994లో విడుదలైన హిందీ చిత్రం ‘హమ్ ఆప్కే హై కౌన్’లో ‘టఫీ’గా కనిపించినది ఇటువంటి కుక్కే. మనం పొమరేనియన్ అని పిలుచుకొనేవాటిలో అధికభాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్ జాతివి.

ఈ చిన్న కుక్కలు వయసు మీరేకొద్దీ పీపాల వలె గుండ్రంగా తయారవడం కూడా మనకు సుపరిచితమే. ఉదయం టీతోపాటు తాతగారు ఒక బిస్కట్టు ఇస్తారు. బడికి వెళ్లే పిల్లలు పళ్లెంలో మిగిలిన పోహా పెడతారు. మధ్యాహ్నం ఇల్లాలు నేతి రొట్టె ముక్క వేస్తుంది. రాత్రి నాయనమ్మ పెరుగన్నం కలిపి పెడుతుంది. ఎవరి చేయీ పెద్దది కాదు, చేతులే ఎక్కువ. రోజు మొత్తం మీద ఎంత పెట్టామన్న లెక్క మాత్రం ఇంట్లో ఎవరి వద్దా ఉండదు.

ముప్పు ఎంతటిది?

అమెరికాలో ప్యూరినా సంస్థ శాస్త్రజ్ఞులు 48 లాబ్రడార్ కుక్కపిల్లలను జంటలుగా విభజించి, ప్రతి జంటలోను ఒకదానికి రెండవదానికంటే 25 శాతం తక్కువ ఆహారం ఇస్తూ జీవితాంతం పరిశీలించారు. 2002లో ప్రకటించిన ఫలితాల ప్రకారం తక్కువ తిన్న కుక్కల మధ్యగత ఆయుర్దాయం 13 సంవత్సరాలు కాగా, తక్కినవాటిది 11.2 సంవత్సరాలు. కీళ్లవాతం వంటి బాధలు కూడా సన్నని కుక్కలకు ఆలస్యంగా వచ్చాయి.

2019లో వెలువడిన మరొక అధ్యయనం 50 వేలకు పైగా కుక్కల వైద్య రికార్డులను పరిశీలించింది. అందులో పొమరేనియన్‌తో సహా 12 జాతులున్నాయి. నడివయసులో అధిక బరువున్న కుక్కలు అన్ని జాతులలోను త్వరగా మరణించాయి. పెద్ద జాతియైన జర్మన్ షెపర్డ్ మగకుక్కలలో ఈ తేడా సుమారు 5 నెలలు. చిన్న జాతియైన యార్క్‌షైర్ టెర్రియర్ మగకుక్కలలో అది సుమారు రెండున్నర సంవత్సరాలు! పిల్లలు చదువులకో, ఉద్యోగాలకో దూరమైన ఇళ్లలో ఈ మూగజీవి సాన్నిధ్యం ఎంతటిదో అనుభవించినవారికే తెలుసు. అందులో రెండున్నర సంవత్సరాలు తగ్గడం స్వల్ప విషయం కాదు.

రాయ్‌పూర్ వేసవిని ఈ లెక్కకు జోడించుకోవాలి. మే నెలలో ఇక్కడ ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటడం సామాన్యం. ఆరోగ్యవంతమైన కుక్క శరీర ఉష్ణోగ్రత 38 నుండి 39 డిగ్రీలు. బయటి గాలి శరీరం కంటే వేడిగా ఉన్నప్పుడు వేడిని వదిలించుకోవడానికి ఆవిరీభవనం ఒక్కటే మార్గం. మనవలె ఒళ్లంతా చెమట పట్టని కుక్క, నాలుక చాచి వగర్చడం ద్వారానే ఆ పని చేసుకోవాలి. చర్మం క్రింద పేరుకున్న కొవ్వు ఆవిరి గొట్టానికి చుట్టిన లాగింగ్ వలె వేడిని లోపలే నిలిపివేస్తుంది. పొమరేనియన్ వంటి చిన్న జాతులలో శ్వాసనాళం కుంచించుకుపోయే వ్యాధి తరచు కనిపిస్తుంది. స్థూలకాయం దానిని మరింత తీవ్రం చేస్తుంది.

గుర్తించడం ఎలా?

బొచ్చును చూసి మోసపోరాదు. వ్రేళ్లతో ప్రక్కటెముకలను తడిమి చూడాలి. చాచిన అరచేతి వెనుకభాగాన్ని తాకితే ఎముకలు ఎలా తెలుస్తాయో, అలా తెలిస్తే బరువు సరిగా ఉన్నట్లు. అరచేతి మెత్తని భాగాన్ని తాకినట్లుంటే కొవ్వు పెరిగినట్లు. పైనుండి చూసినప్పుడు ప్రక్కటెముకల వెనుక నడుము సన్నబడి కనిపించాలి.

తిండి తగ్గించే ముందు పశువైద్యునికి తప్పక చూపించాలి. థైరాయిడ్ లోపం వంటి వ్యాధుల వలన కూడా బరువు పెరగవచ్చు. ఉండవలసిన బరువు ఎంతో కూడా వైద్యుడే నిర్ణయించాలి.

లెక్క ఇదీ

6 కిలోలు ఉండవలసిన కుక్క 8 కిలోలు ఉన్నదనుకుందాము. ‘రెండు కిలోలే కదా’ అనిపిస్తుంది. కాని, 60 కిలోల మనిషి 80 కిలోలకు చేరడంతో ఇది సమానం. ఇటువంటి కుక్కకు రోజుకు ఎంత ఆహారమివ్వాలో సాధారణ కాలిక్యులేటర్‌తోనే తెలుసుకోవచ్చు. ఉండవలసిన బరువును మూడుసార్లు వేసి గుణించి, వర్గమూలం మీటను రెండుసార్లు నొక్కి, వచ్చినదానిని 70తో గుణించాలి. 6 కిలోలకు 216, వర్గమూలం 14.7, దాని వర్గమూలం 3.83, 70తో గుణిస్తే సుమారు 270 కేలరీలు. వైద్యులు బరువు తగ్గించే ఆహారానికి సాధారణంగా ఈ సంఖ్యతోనే ఆరంభిస్తారు.

ఒక గ్లూకోజ్ బిస్కట్టులో 20 నుండి 25 కేలరీలు, మధ్యరకం రొట్టెలో సుమారు 100, చెంచా నేతిలో 45 ఉంటాయి. నాలుగు బిస్కట్లు, ఒక నేతి రొట్టెతోనే రోజు కోటాలో అధికభాగం చెల్లిపోతుంది. మనకు రోజుకు 2000 కేలరీలనుకుంటే, కుక్కకు వేసిన ఒక బిస్కట్టు మనం ఏడు తిన్నదానితో సమానం.

గిన్నెలో మార్పులు

‘ధాన్ కా కటోరా’ అని పేరొందిన ఛత్తీస్‌గఢ్‌లో మన కుక్క గిన్నె కూడా అన్నంతోనే నిండుతున్నది. మొదట తగ్గించవలసినది ఆ అన్నమే. పై కుక్కకు ఉడికిన అన్నం 50 గ్రాములు, తోలు తీసి ఉడికించిన కోడిమాంసం 80 గ్రాములు, ఉడికించిన సొరకాయ, బీన్స్ వంటి కూరగాయలు 80 గ్రాములు, పెరుగు 50 గ్రాములు ఇస్తే సుమారు 245 కేలరీలవుతాయి. మిగిలిన 25 కేలరీలను కీరదోస, క్యారట్ ముక్కలకు కేటాయించవచ్చు. ముద్దుగా ఇచ్చే చిరుతిండి మొత్తంలో పదో వంతు మించరాదన్నది వైద్యుల నియమం. కూరగాయల పీచు కడుపు నింపుతుంది. మాంసకృత్తులు కండ కరగకుండా కాపాడతాయి.

ఇంటి వంటలో సున్నం, కొన్ని ఖనిజాలు, విటమిన్లు చాలవు గనుక అవి ఎంత కలపాలో వైద్యుని అడగాలి. శాకాహార కుటుంబాలు ఈ సలహా మరింత శ్రద్ధగా తీసుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషతుల్యం కాబట్టి మన సాంబారు, కూరలు పెట్టరాదు. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా నిషిద్ధమే. మార్పును వారం, పది రోజులలో క్రమంగా తేవాలి. ఉపవాసం పెట్టరాదు, కోటాను రెండు మూడు పూటలుగా ఇవ్వాలి.

అన్నిటికంటే ముఖ్యమైన ఏర్పాటు ఒక మూత డబ్బా. రోజు కోటా అంతా ఉదయమే తూచి అందులో ఉంచి ఫ్రిజ్‌లో పెట్టాలి. తాతగారైనా, పిల్లలైనా అందులోనుండే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకు ఇక లేదు. నాయనమ్మ చేతి ముద్దను మాన్పించనక్కరలేదు. ఆ ముద్ద డబ్బాలోనుండి వస్తే చాలును.

తూకం, ఓర్పు

వారానికి శరీర బరువులో 1 నుండి 2 శాతం తగ్గడం క్షేమకరం. 8 కిలోల కుక్కకు అది 80 నుండి 160 గ్రాములు. ఇంట్లోని మనుషుల తూకపు యంత్రం లీస్ట్ కౌంట్‌కు ఇంత చిన్న మార్పు అందదు. ‘తగ్గడం లేదు’ అన్న నిరుత్సాహానికి తరచు ఇదే కారణం. పశువుల ఆసుపత్రిలోని తూకంపై రెండు వారాలకొకసారి, ఉదయం తిండికి ముందు తూచి కాగితంపై వ్రాసుకోవాలి. నెల గడచినా తగ్గకపోతే వైద్యుని సలహాతో కోటాను పదో వంతు తగ్గించాలి. 2 శాతం మించి తగ్గుతుంటే పెంచాలి. రెండు కిలోలు తగ్గడానికి నాలుగు నుండి ఆరు నెలలు పట్టవచ్చు.

నడక మంచిదే గాని, ఇక్కడి వేసవిలో సూర్యోదయానికి ముందే ముగించాలి. ఆహార నియమం లేకుండా నడకతోనే బరువు తగ్గించడం కష్టం.

కుక్క గిన్నె దగ్గర నిలబడి మన ముఖంలోకి చూడటం ఆకలి వలన మాత్రమే కాదు, అలవాటు వలన కూడా. ఆ సమయంలో బంతి విసిరినా, పది నిమిషాలు బొచ్చు దువ్వినా అది సంతోషిస్తుంది. దానికి తానుగా తూకం చూసుకొనే శక్తి లేదు, బీరువా తెరిచే చేయి లేదు. దాని గిన్నెలో పడే ప్రతి మెతుకూ మన చేతి మీదుగానే వస్తున్నది గనుక, దాని ఆయుష్షును పొడిగించే అవకాశం కూడా మన చేతిలోనే ఉన్నది.