విత్తిన రోజు పుట్టిన ఎర్రకణం

మడకశిర చుట్టుపక్కల జూలైలో వాన పదునుకు శెనిక్కాయ విత్తితే, చెట్టు పీకేది నవంబరు ప్రాంతంలో. నాలుగు నెలలు, అటూ ఇటూగా 120 రోజులు. మన రక్తంలో తిరిగే ఎర్రకణం ఆయుష్షూ అంతే. గొర్రు పట్టిన రోజు రైతు ఎముకల్లో పుట్టిన కణం, పంట ఇంటికొచ్చే వేళకు అరిగిపోయి ప్లీహంలోనో కాలేయంలోనో కలిసిపోతుంది. చేనుకు ఏడాదికొక పంట. ఎముకలో మాత్రం రోజూ విత్తనమే, రోజూ కోతే.

ఆ రోజువారీ దిగుబడి లెక్క కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు, రక్తపరీక్ష కాగితం చాలు. ఎర్రకణాల వరుసలో మగవాళ్లకు 50 లక్షల దరిదాపు అంకె ఉంటుంది, ఆడవాళ్లకు కాస్త తక్కువ. అది ఒక ఘనపు మిల్లీమీటరు రక్తంలో, అంటే చిన్న ఆవగింజంత బొట్టులో ఉన్న లెక్క. ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. అంటే అలాంటి బొట్లు 50 లక్షలు. 50 లక్షలను 50 లక్షలతో హెచ్చవేస్తే 25 లక్షల కోట్లు. ఒక్కొక్కటీ 120 రోజులే ఉంటుంది కనుక, ఈ సంఖ్య తరగకుండా నిలవాలంటే రోజుకు 20,000 కోట్లకు పైగా కొత్తవి పుట్టాలి. రోజుకు 86,400 సెకన్లు. భాగిస్తే సెకనుకు 24 లక్షలు. ఈ పేరా చివరి నాలుగు వాక్యాలు చదివేలోపు మీ ఒంట్లో రెండు మూడు కోట్లు పుట్టి ఉంటాయి.

పుట్టే చోటు ఎముక లోపలి మూలుగ. కూరలో మూలుగ ఎముకను ఇష్టంగా తినేవాళ్లకు అది కొత్త సంగతి కాదు గానీ, రక్తం తయారయ్యేది అక్కడేనని మొదట గట్టిగా చెప్పింది 1868లో, కోనిగ్స్‌బర్గ్‌లో ఎర్నెస్ట్ న్యూమన్. పసిబిడ్డకు దాదాపు అన్ని ఎముకల్లోనూ ఎర్ర మూలుగే. పెరిగేకొద్దీ కాళ్లూ చేతుల పొడవాటి ఎముకల్లో కొవ్వు నిండుతుంది. పెద్దయ్యాక పని ఎక్కువగా తుంటి, వెన్నుపూసలు, రొమ్ము ఎముక, పక్కటెముకల్లోనే సాగుతుంది. మూలుగ పరీక్షకు డాక్టర్లు తుంటి ఎముకలో సూది గుచ్చేది అందుకే.

మరి విత్తనం ఏది? 1961లో కెనడాలోని టొరంటోలో టిల్, మెకల్లక్ అనే ఇద్దరు ఎలుకల మూలుగను రేడియేషన్‌తో నాశనం చేసి, వేరే ఎలుకల మూలుగ ఎక్కించారు. పది రోజులకు ప్లీహం మీద చిన్న చిన్న గడ్డలు లేచాయి. ఒక్కో గడ్డ ఒకే కణం సంతానమనీ, అందులోనే రకరకాల రక్తకణాలున్నాయనీ తర్వాత తేలింది. అదే మూలకణం. పెద్దవాళ్లలో పనిలో ఉన్న ఇలాంటి కణాలు 50,000 నుంచి 2 లక్షలే ఉంటాయని 2018లో ఒక అంచనా వచ్చింది. ఇంత కొద్ది విత్తనంతో రోజుకు వేల కోట్ల పంట ఎలా? మూలకణం తాను అరుదుగానే చీలుతుంది. దాని పిల్లలూ మనవళ్లూ చీలుతూ పోతారు. ఒకటి రెండై, రెండు నాలుగై, ఇరవై సార్లు రెట్టింపైతే 10 లక్షలు దాటుతుంది. ఆ దారిలోనే కొమ్మలు విడిపోతాయి: ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, సూక్ష్మజీవులను మింగే తెల్లకణాలు ఒకవైపు, లింఫోసైట్లనే మరో రకం తెల్లకణాలు ఇంకోవైపు. ఏది ఎంత కావాలో కబురు బయటినుంచి వస్తుంది. ఎర్రకణాలు పెంచమని ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోనును పంపేది ముఖ్యంగా కిడ్నీ. కిడ్నీ చెడినవాళ్లు పాలిపోయేది ఆ కబురు అందకనే.

నన్ను బాగా ఆశ్చర్యపరిచే లెక్క ఇంకొకటుంది. రక్తంలో 500కు పైగా ఎర్రకణాలకు ఒక్క తెల్లకణం ఉంటుంది. మూలుగలోకి తొంగి చూస్తే తలకిందులు: తెల్లకణాలుగా మారబోయేవి మూడైతే, ఎర్రకణాలుగా మారబోయేది ఒకటి. కారణం ఆయుష్షే. తెల్లకణాల్లో ఎక్కువ భాగమైన న్యూట్రోఫిల్ రక్తంలో తిరిగేది కొన్ని గంటలు, మహా అయితే రోజు. తయారవడానికి మాత్రం పది రోజులకు పైగా పడుతుంది. అందుకే మడిలో ఎప్పుడూ నిండుగా నారు ఉండాలి. కేన్సర్ మందులు పడ్డ వారం పది రోజులకు రోగిని జనంలోకి పంపొద్దనేది, ఆ నారు దెబ్బతిని తెల్లకణాలు అడుగంటే సమయం అదే గనుక. ప్లేట్‌లెట్ ఆయుష్షు 7 నుంచి 10 రోజులు. అది పూర్తి కణం కూడా కాదు. మూలుగలోని ఓ పెద్ద కణం అంచులు తెగి రాలే ముక్క. ఒక్కో పెద్ద కణం వేల ముక్కలిస్తుంది.

ఇంత పంటకు ఇనుము కావాలి. మూలుగకు రోజుకు 20 నుంచి 25 మిల్లీగ్రాములు అవసరం. తిండి నుంచి ఒంటికి పట్టేది 1 నుంచి 2 మిల్లీగ్రాములే. మిగతాదంతా చచ్చిన ఎర్రకణాల్లోంచి ఏరి మళ్లీ మూలుగకు చేరేదే. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వానతో నెట్టుకొచ్చే అనంతపురం పీఠభూమిలో ఈ పొదుపు ఎవరికైనా అర్థమవుతుంది. ఊరిన నీళ్లే తిరగేసుకోవాలి, కారడం మొదలైతే కష్టం. నెలసరిలో, కాన్పులో ఇనుము కారిపోయేది ఆడవాళ్లకే. 100 గ్రాముల రాగుల్లో 4 మిల్లీగ్రాముల దాకా ఇనుము ఉన్నా, అందులోని ఫైటేట్లనే పదార్థాల వల్ల ఒంటికి పట్టేది కొద్దిగానే. ముద్దతో పాటు నిమ్మకాయో, ఉసిరికాయో ఉంటే మేలు. తిన్న వెంటనే టీ వద్దు.

ఇనుము ఒక్కటే చాలదు. కణం చీలిన ప్రతిసారీ డీఎన్ఏ మొత్తాన్ని నకలు చేయాలి, దానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్, మిల్లు కార్మికుల్లో గర్భిణుల రక్తహీనతను ఈస్టు సారంతో తగ్గించారు. అందులో పనిచేసిన పదార్థాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి పెద్ద, 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరుణ్ణి బలితీసుకున్న స్ప్రూ జబ్బులో కొరవడేదీ ఇదే ఫోలిక్ ఆమ్లం. ఆ బృందమే దానికి విరుగుడైన అమినోప్టెరిన్‌నూ ఇచ్చింది. లుకేమియా అనే రక్త కేన్సర్‌లో అదుపు తప్పి చీలే కణాలకు ఆ నకలు పని ఆగేలా చేసే మందు అది. 1947-48లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మంది కొన్నాళ్లు కోలుకున్నారు. 1948 ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఒకే చేతితో మూలుగకు ఎరువునూ కలుపుమందునూ అందించిన మనిషి మన తెలుగువాడని బడిపిల్లలకు ఇంకా గట్టిగా చెప్పాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం, అయిదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం రక్తహీనులని తేలింది. శెనిక్కాయలో ఫోలేట్, అంటే ఫోలిక్ ఆమ్లం సహజ రూపం, దండిగా ఉంటుంది, 100 గ్రాములకు 240 మైక్రోగ్రాముల దాకా. పండించినదాంట్లో కొంత ఇంట్లో ఉంచుకుని పిల్లలకు పెడితే మంచిదే. గర్భిణికి మాత్రం అంగన్‌వాడీలోనో ఆస్పత్రిలోనో ఇచ్చే మాత్రే దిక్కు: 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, రోజుకొకటి, 180 రోజులు. చాలామంది రెండు వారాలు వేసుకుని, నలతగా ఉందనో, తేడా తెలియలేదనో మానేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం, 180 ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పరు. రెండు వారాలంటే విత్తనం మొలకెత్తి ఆకు విప్పే సమయం. జూలై రెండో వారంలో మొదలుపెట్టిన గర్భిణి ఆఖరి మాత్ర వేసుకునేది సంక్రాంతికి కాస్త ముందు. ఆనాటికి ఆమె ఒంట్లో తిరిగే ఎర్రకణాల్లో మొదటి మాత్రకు ముందు పుట్టినది దాదాపు ఒక్కటీ మిగిలి ఉండదు.