మదర్‌బోర్డుకు ఎంత పెట్టాలి?

పాతికేళ్ల కిందట మదర్‌బోర్డును బట్టి కంప్యూటర్ వేగం మారేది. ప్రాసెసర్‌కూ మెమరీకీ మధ్య రాకపోకలన్నీ బోర్డు మీద ఉండే నార్త్‌బ్రిడ్జ్ అనే చిప్పు గుండా సాగేవి. ఆ చిప్పును ఇంటెల్, వియా, సిస్, ఎన్విడియా వంటి సంస్థలు వేర్వేరుగా తయారుచేసేవి. అందువల్ల ఒకే ప్రాసెసర్ ఒక బోర్డు మీద చురుగ్గా, మరో బోర్డు మీద మందకొడిగా పనిచేయడం మామూలే. 2003లో ఏఎండీ తన అథ్లాన్ 64తో మెమరీ కంట్రోలర్‌ను ప్రాసెసర్‌లోకే తెచ్చింది. 2008లో నెహలెమ్ ప్రాసెసర్లతో ఇంటెల్ కూడా అదే బాట పట్టింది. మరుసటి ఏడాదికి గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే పీసీఐ ఎక్స్‌ప్రెస్ మార్గాలు సైతం ప్రాసెసర్‌లోకి చేరడంతో నార్త్‌బ్రిడ్జ్‌కు పని లేకుండా పోయింది.

కొత్తగా డెస్క్‌టాప్ కట్టుకునేవారు ముందుగా గ్రహించాల్సింది ఈ మార్పునే. నేటి మదర్‌బోర్డు వేగాన్ని పుట్టించదు. నాసిరకందైతే ప్రాసెసర్‌కు స్వతహాగా ఉన్న వేగాన్ని తగ్గించగలదు, అంతవరకే దాని ప్రభావం. కాబట్టి ఆ తగ్గుదల రాకుండా కాపాడే భాగాలకు డబ్బు పెట్టి, మిగిలినది ప్రాసెసర్‌కో గ్రాఫిక్స్ కార్డుకో మళ్లించడం తెలివైన పని. డ్రాగన్ బొమ్మలు, రంగురంగుల దీపాలు, అట్టపెట్టె మీద ‘గేమింగ్’ అన్న ముద్ర ధరను పెంచుతాయే గాని, లెక్క చేసే ట్రాన్సిస్టర్‌ను ఒక్కదాన్నీ అదనంగా ఇవ్వవు.

చర్చ గాలిలో తేలకుండా ఒక ప్రాసెసర్‌ను ఎదురుగా పెట్టుకుందాం. 2023 జనవరిలో విడుదలైన ఏఎండీ రైజెన్ 5 7600లో ఆరు కోర్లు ఉన్నాయి, ఇంటి పనికీ చదువుకూ ఒక మోస్తరు ఆటలకూ అవి సరిపోతాయి. దీన్ని 65 వాట్ల తరగతిగా చెబుతారు. నిజానికి సాకెట్ ద్వారా 88 వాట్ల వరకు తీసుకోవడానికి దానికి అనుమతి ఉంది. ఈ రెండో అంకెను దుకాణదారులు సాధారణంగా చెప్పరు. బోర్డు మోయాల్సిన బరువు మాత్రం అదే.

ఆ బరువు ఎంతో చూద్దాం. పవర్ సప్లై నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది అందులో సుమారు పదో వంతు, అంటే 1.2 వోల్టుల ప్రాంతం. వోల్టేజి అంతగా తగ్గినప్పుడు అదే శక్తిని చేరవేయడానికి కరెంటు ఆ మేరకు పెరగాలి. 65 వాట్ల తరగతికి ఏఎండీ పెట్టిన నిలకడ కరెంటు పరిమితి 75 ఆంపియర్లు, క్షణకాలపు పరిమితి 150 ఆంపియర్లు. ఒకటిన్నర టన్నుల ఇంటి ఏసీ తీసుకునే కరెంటు ఏడెనిమిది ఆంపియర్లకు మించదు. దానికి పదింతల కరెంటు అగ్గిపెట్టెంత కూడా లేని చిప్పులోకి, కొన్ని సెంటీమీటర్ల దూరంలో, సెకనుకు లక్షల సార్లు స్విచ్చి వేసి తీసే పరికరాల ద్వారా ప్రవహించాలి. ప్రాసెసర్ సాకెట్ చుట్టూ వరుసగా కనిపించే నల్లని చిప్పులు, బూడిదరంగు దిమ్మెల్లాంటి కాయిల్సు, పొట్టి స్తంభాల్లాంటి కెపాసిటర్లు చేసే పని ఇదే. ఈ మొత్తం ఏర్పాటును వీఆర్ఎం అంటారు. బోర్డు మంచిచెడ్డలు తేలేది ముఖ్యంగా ఇక్కడే.

కరెంటును ఒకే మార్గంలో పంపకుండా పలు మార్గాలుగా చీల్చడం వీఆర్ఎం నిర్మాణంలోని కీలకం. ఒక్కో మార్గాన్ని ఫేజ్ అంటారు. వాహకంలో వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 80 ఆంపియర్లను నాలుగు ఫేజ్‌లు పంచుకుంటే తలా 20 ఆంపియర్లు. 20 వర్గం 400, నాలుగింటికి కలిపి 1600. ఎనిమిది ఫేజ్‌లు పంచుకుంటే తలా 10, వర్గం 100, అన్నిటికీ కలిపి 800. కరెంటు మొత్తం మారలేదు గాని, నిరోధం వల్ల వృథా అయ్యే వేడి సగమైంది. పైగా ఎనిమిది ఫేజ్‌లు 45 డిగ్రీల అంతరంతో ఒకదాని తర్వాత ఒకటి పనిచేస్తాయి కాబట్టి వోల్టేజిలో అలజడి తగ్గి ప్రవాహం నిలకడగా ఉంటుంది. అలాగని ఫేజ్‌లు పెంచుకుంటూ పోయినంత కాలం లాభం పెరగదు. ప్రతి స్విచ్చీ వేసి తీసేటప్పుడు కొంత శక్తిని తినేస్తుంది, ఒక హద్దు దాటాక ఆ నష్టమే లాభాన్ని మింగేస్తుంది.

ప్రకటనల్లో కనిపించే ‘12+2+1’ వంటి అంకెల్లో మొదటిది ప్రాసెసర్ కోర్లకు చెందినది. దాన్ని ఉన్నదున్నట్టు నమ్మనక్కరలేదు. చాలా బోర్డుల్లో కంట్రోలర్ ఇచ్చే ఆరు సంకేతాల్లో ఒక్కోదాన్ని రెండేసి ఫేజ్‌లకు పంచి పన్నెండుగా చూపిస్తారు. ఇది మోసమని నేననను, వేడి పంపకం వరకు ప్రయోజనం నిజమే. ఫేజ్‌ల సంఖ్యతోపాటు ఒక్కో ఫేజ్‌లో స్విచ్చి పని చేసే చిప్పు (పవర్ స్టేజ్) సామర్థ్యం 50 ఆంపియర్లా, 60 ఆంపియర్లా, 80 ఆంపియర్లా అని చూడాలి. ఆ చిప్పుల మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉందో లేదో తప్పక చూడాలి. వీఆర్ఎం దక్షత 90 శాతమనుకుంటే 88 వాట్లు అందించేటప్పుడు దాదాపు పది వాట్లు అక్కడే వేడిగా మారతాయి. 230 వాట్ల వరకు తీసుకునే పదహారు కోర్ల ప్రాసెసర్ కింద అదే నష్టం పాతిక వాట్లు. వేడి హద్దు మీరితే బోర్డు తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించమంటుంది. బోర్డు వేగాన్ని హరించడమంటే ఇదే.

ఇక్కడ మన వాతావరణం ప్రస్తావన రావాలి. బోర్డుల పరీక్షలు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. వీఆర్ఎం ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత కంటే ఎన్ని డిగ్రీలు పైన ఉంటుందన్నది దాదాపు మారదు. 22 డిగ్రీల గదిలో 85 డిగ్రీలు చూపిన బోర్డు, ఏసీ లేని 40 డిగ్రీల గదిలో 103 డిగ్రీలకు చేరుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఇది ఊహాజనితమైన లెక్క కాదు. పరీక్షలో ‘పరవాలేదు’ అనిపించుకున్న బోర్డును మన వేసవికి ‘చాలదు’ అని చదువుకోవడమే క్షేమం.

వేడి కెపాసిటర్ల ఆయుష్షును కూడా తేలుస్తుంది. 2000 దశకం తొలి సంవత్సరాల్లో ద్రవ ఎలక్ట్రోలైట్ లోపాల వల్ల ఎన్నో బోర్డుల కెపాసిటర్లు ఉబ్బి పగిలిపోయాయి. ఆ తర్వాత పరిశ్రమ ఘన పాలిమర్ రకానికి మళ్లింది. వాటి ఆయుష్షు ప్రతి 20 డిగ్రీల తగ్గుదలకు సుమారు పదిరెట్లు పెరుగుతుందని లెక్క. 105 డిగ్రీల దగ్గర 5,000 గంటలని ముద్రించిన కెపాసిటర్ 85 డిగ్రీల దగ్గర 50,000 గంటలు నిలవాలి. రోజుకు ఎనిమిది గంటల వాడకానికి మొదటిది రెండేళ్లలోపు మాట, రెండోది పదిహేడేళ్ల మాట. హీట్‌సింక్‌కు పెట్టే నాలుగు డబ్బులు ఎక్కడికి పోతాయో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక సాకెట్. ఏఎండీ ఏఎం4 సాకెట్‌కు తొలి రైజెన్ 2017 మార్చిలో వచ్చింది. ఐదేళ్ల తర్వాత, 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డీ సైతం బయాస్ (బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) మార్చుకుంటే ఆ తొలినాటి బోర్డుల్లో అనేకం మీద నడిచింది. ఈ ఔదార్యం అడక్కుండా వచ్చింది కాదు. 2020 మే నెలలో పాత బీ450 బోర్డులకు కొత్త తరం ప్రాసెసర్లు పనికిరావని ఏఎండీ ప్రకటించి, వినియోగదారులు గగ్గోలు పెట్టాక అదే నెలలో వెనక్కి తగ్గింది. ఇంటెల్ తీరు వేరు. 2017లో ఎనిమిదో తరం తెచ్చినప్పుడు సాకెట్ పేరు, పిన్నుల సంఖ్య పాతవే అయినా పాత బోర్డులను పక్కన పెట్టేసింది. 2021లో వచ్చిన ఎల్‌జీఏ1700 మూడు తరాలకు పనికొచ్చింది. 2024 అక్టోబర్‌లో ఎల్‌జీఏ1851 దాని స్థానంలోకి వచ్చింది. 2022 సెప్టెంబర్‌లో మొదలైన, మన 7600 కూర్చునే ఏఎం5కు 2027 వరకు, ఆపైన కూడా మద్దతు ఇస్తామని ఏఎండీ మాట ఇచ్చింది. ప్రాసెసర్‌ను మధ్యలో మార్చేవారు తక్కువేనని నాకు తెలుసు. అయినా మార్చగలిగే వీలు అదనపు ధర లేకుండా దొరుకుతున్నప్పుడు కాదనుకోవడం ఎందుకు?

బోర్డు మీది అనుసంధాన చిప్పుల, అంటే చిప్‌సెట్ల, పేర్ల విషయంలో అనవసర భయభక్తులు కనిపిస్తాయి. ఏఎం5 బోర్డుల్లో బీ650 మీద ఒక చిప్పు ఉంటుంది, ఎక్స్670 మీద అదే చిప్పు రెండు ఉంటాయి. ఆ తర్వాత వచ్చిన ఎక్స్870 పేరులో అంకె పెద్దదైనా అందులో ఉన్నది బీ650లోని చిప్పే, తోడుగా యూఎస్‌బీ4 కంట్రోలర్ చేర్చారు. ఎక్స్ శ్రేణికి చెల్లించే అదనపు ధర మరిన్ని పోర్టులకు, డ్రైవ్ స్లాట్లకు సరిపోతుంది, వేగం అందులో లేదు. కింది మెట్టైన ఎ620 బోర్డుల్లో కొన్ని 65 వాట్ల తరగతి ప్రాసెసర్లకే ఉద్దేశించినవి. మన 7600కు అవి చాలు గాని రేపటి పెద్ద ప్రాసెసర్‌కు చాలవు. ఇంటెల్ వైపు ప్రాసెసర్‌ను నిర్దేశిత వేగానికి మించి నడిపే ఓవర్‌క్లాకింగ్‌కు అనుమతి జెడ్ శ్రేణికే ఉంది. ఐ5-12400 వంటి తాళం వేసిన ప్రాసెసర్‌కు జెడ్690 కొనడం డబ్బు పారేసుకోవడమే. అటు హెచ్610 రెండు మెమరీ స్లాట్లకే పరిమితం, డ్రైవ్‌కు ప్రాసెసర్ నుంచి నేరుగా వచ్చే నాలుగో తరం పీసీఐ మార్గమూ అందులో లేదు. ఆఫీసు లెక్కలకు అది చాలు, అంతకు మించితే బీ660 గాని బీ760 గాని చూడాలి.

మెమరీ స్లాట్లు నాలుగు ఉండాలన్న పట్టుదల కూడా పాత కాలపుది. డీడీఆర్5 సంకేతాలు చాలా సున్నితం. రైజెన్ 7000 శ్రేణికి ఏఎండీ ఇచ్చిన అధికారిక వేగం రెండు మాడ్యూళ్లకు సెకనుకు 5200 మెగాట్రాన్స్‌ఫర్లు, నాలుగు మాడ్యూళ్లకు 3600. నాలుగూ నింపితే వేగం పడిపోతుందని తయారీదారే చెబుతున్నాడు. 32 జీబీ కావాలంటే 16 జీబీవి రెండు చాలు. అందుకే 24.4 సెంటీమీటర్ల చదరంగా ఉండే మైక్రో ఏటీఎక్స్ బోర్డును నేను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. పెద్ద ఏటీఎక్స్‌తో పోలిస్తే పోయేది ఒకటి రెండు కార్డు స్లాట్లు మాత్రమే. ఐదో తరం పీసీఐ డ్రైవ్ స్లాటు సెకనుకు దాదాపు 16 జీబీ మోస్తుంది నిజమే. కాని నాలుగో తరం ఇచ్చే 8 జీబీని కూడా ఇంటి పనులు అరుదుగా వాడుకుంటాయి. శబ్దం, నెట్‌వర్క్ చిప్పుల తేడాలకు ధర పెంచనవసరం లేదు.

బయాస్ మాత్రం తేలికగా తీసుకునే విషయం కాదు. 2023 ఏప్రిల్‌లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్లోనే కాలిపోయిన ఉదంతాలు బయటపడ్డాయి. ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వంటి భాగాలకు వెళ్లే ఎస్ఓసీ వోల్టేజిని ఏఎండీ 1.3 వోల్టులకు కట్టడి చేసింది, ఆ కట్టడి వినియోగదారులకు చేరింది బయాస్ మార్పుగానే. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లలో బయటపడిన అస్థిరతకు 2024 ఆగస్టులో వచ్చిన మైక్రోకోడ్ సవరణ కూడా అలాగే చేరింది. కాబట్టి కొనబోయే మోడల్‌కు తయారీదారు వెబ్‌సైట్లో చివరి బయాస్ ఎప్పుడు పెట్టారో చూడండి. ఏడాదిగా అలికిడి లేకపోతే ఆ బోర్డును వదిలేయండి. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయాస్ మార్చుకునే ఫ్లాష్‌బ్యాక్ మీట ఉంటే దానికి కొంత అదనంగా ఇచ్చినా తప్పులేదు. దుకాణంలో నిల్వ ఉన్న బీ650 బోర్డు 2022 నాటి బయాస్‌తో ఉంటే, 2024లో వచ్చిన రైజెన్ 9000 దాని మీద బూట్ కాదు.

మొత్తం ఖర్చులో పదో వంతు నుంచి ఏడో వంతు వరకు బోర్డుకు కేటాయించడం నా లెక్క ప్రకారం సబబు. 7600కు నా తీర్పు: హీట్‌సింక్ ఉన్న, ఫ్లాష్‌బ్యాక్ మీట ఉన్న, మైక్రో ఏటీఎక్స్ బీ650.

సికింద్రాబాద్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా, బిల్లు మీద బోర్డు సీరియల్ నంబరు ఉండేలా చూసుకోండి. ఏఎం5, ఎల్‌జీఏ1700 రెండింటిలోనూ సన్నని పిన్నులు ప్రాసెసర్‌కు కాక బోర్డు సాకెట్‌కే ఉంటాయి, వంగితే వారంటీ వర్తించదు. డబ్బు చెల్లించే ముందే సాకెట్ మూతను దుకాణదారు చేతనే తీయించి పిన్నులు చూడండి. ఆ ప్లాస్టిక్ మూతను పారేయకండి. బోర్డును సర్వీసుకు పంపాల్సి వస్తే అది బిగించి పంపాలి.