రోడ్డు మీద మనం, కింద పులి

నాగపూరు నుంచి జబల్పూరు వైపు కారులో వెళ్ళే మనవాళ్ళు మన్సర్ దాటిన తరువాత ఒక వింత గమనించే ఉంటారు. కింద ఏరు ఉండదు, రైలుపట్టాలు ఉండవు. అయినా రోడ్డు స్తంభాల మీద ఎత్తుగా చాలా దూరం సాగిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు, "నీళ్ళు లేనిచోట వంతెన ఏమిటి? డబ్బు దండగ!" అని మా ఆవిడతో అన్నాను. బ్యాంకు ఉద్యోగం చేసే బుద్ధి కదా, ముందు ఖర్చే కనపడింది.

ఆ వంతెన అడవి జంతువుల కోసమట. ఆ రోడ్డు 44వ నెంబరు జాతీయ రహదారి, ఒకప్పటి 7వ నెంబరు. ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, బెంగుళూరు, సేలంల మీదుగా కన్యాకుమారి చేరే రోడ్డే. మనలో చాలామందికి అది సొంత ఊరికి వెళ్ళే దారి. నాగపూరుకు ఉత్తరాన అదే రోడ్డు పెంచ్ పులుల అడవుల గుండా పోతుంది.

దాన్ని నాలుగు వరుసలకు వెడల్పు చేయబోయినప్పుడు చిక్కు వచ్చింది. వయసొచ్చిన మగపులి తల్లి దగ్గర ఉండదు. కొత్త అడవి వెతుక్కుంటూ పోతుంది. దారి మూసేస్తే బండ్ల కింద పడి చావాలి, లేదా ఉన్నచోటే ఉండి దగ్గరి రక్తంలోనే సంతానం కని, జాతి బలహీనపడాలి. విషయం కోర్టులకెక్కి ఏళ్ళ తరబడి నలిగింది. చివరకు డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ సలహాలతో మహారాష్ట్ర వైపు 9 చోట్ల కింద దారి వదిలి కట్టారు. వాటి పొడవు 50 మీటర్ల నుంచి 750 మీటర్ల దాకా ఉంది.

2019లో 10 నెలలపాటు అక్కడ కెమెరాలు పెట్టి చూశారు. 18 రకాల అడవి జంతువులు ఫొటోల్లో పడ్డాయి. 11 పులులు 89 సార్లు ఆ దారిన నడిచాయి. నేను దండగన్నది దండగ కాదని అర్థమైంది.

ఆ లెక్క చదివినప్పుడు పాత ఫైలొకటి గుర్తుకొచ్చింది. ఇళ్ళ ప్లాట్ల కోసం ఒక అప్పు. దరఖాస్తులో 'పరిసరాలపై ప్రభావం' అన్న గడిలో 'ఏమీ లేదు' అని రాసి ఉంది. నేను స్థలం చూడకుండానే సంతకం చేశాను. వానాకాలంలో తనిఖీకి వెళితే, చెరువుగట్టు చింతచెట్లు కొట్టేసి ఉన్నాయి. కొంగపిల్లలు గూళ్ళతో సహా నేల మీద పడి ఉన్నాయి. నరకడం మూడు నెలలు ఆపినా ఎవరికీ నష్టం ఉండేది కాదు. ఆ అప్పు ఎప్పుడో తీరిపోయింది. ఆ గడి మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

జాగ్రత్త అంటే పెద్ద విద్యేమీ కాదు. నక్షా గీయకముందే ఆ చోట ఏ ప్రాణులున్నాయో ఎండాకాలం, వానాకాలం రెండింటిలోనూ చూడాలి. వీలైతే ఆ చోటు తప్పించాలి. వీలుకాకపోతే నష్టం తగ్గించాలి. బదులుగా వేరే చోట మొక్కలు నాటడం అన్నిటికన్నా చివరి మాట. గూళ్ళు పెట్టే కాలంలో చెట్లు కొట్టకూడదు. తవ్విన కందకాలను రాత్రి కప్పాలి, లేదా పడిన జంతువు ఎక్కివచ్చేలా పలకైనా వేయాలి. ఒడిశాలో ధామ్రా రేవు కట్టినప్పుడు గహిర్మథా తీరపు తాబేళ్ళ కోసం దీపాల వెలుగు సముద్రం వైపు పడకుండా ఏర్పాట్లు చేశారు. పూడిక తీసే యంత్రాలు తాబేళ్ళను లోపలికి లాక్కోకుండా అడ్డుకట్టలు బిగించారు.

వీటన్నిటికీ టెండరులోనే ఐటెం రాసి రేటు కట్టాలి. డబ్బు చూపని పని ఏ కాంట్రాక్టరూ చేయడు. అది అతని తప్పు కూడా కాదు, పద్దు రాయనివారి తప్పు.

మన ఇళ్ళలో ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, ఫ్లాటు కొనేవారు మరీ ఎక్కువ. అడ్వాన్సు ఇచ్చేముందు నీళ్ళు, పార్కింగు సంగతి అడుగుతాం కదా. ఆ స్థలంలో చెట్లు, చెరువు ఏమవుతాయో కూడా ఒక్కమాట అడుగుదాం. ఈసారి ఆ వంతెన మీదుగా వెళ్ళేటప్పుడు పిల్లలకు దాని కథ చెప్పండి. నేను మా మనవరాలికి చెప్పాను. "తాతయ్యా, పులి మనల్ని చూస్తుందా?" అని అడిగింది.