బాలింత మాట - పల్లె వేదిక

మన గ్రామములలో బిడ్డ పుట్టిన ఇంట వేడుకలకు కొదువ లేదు. పురుడు, బారసాల, ఉయ్యాల, అన్నప్రాశన, అన్నియు బిడ్డ పేరిటనే జరుగును. బిడ్డను కన్న తల్లి ఎట్లున్నదని అడుగువారు మాత్రము తక్కువ. కాన్పు స్త్రీకి పునర్జన్మ యని పెద్దలందురు. ఆ మాటలోని సంతోషమును, కష్టమును బాలింతలే చెప్పగలరు. వారు నిర్భయముగా చెప్పుకొనుటకు ఊరి వేదికపై చోటు కల్పించుట పంచాయతీ చేయదగిన పని యని తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ప్రచార కార్యక్రమములకై గ్రామములకు వెళ్ళినపుడు మేము తరచుగా చూచు దృశ్యమొకటి కలదు. వేదికపై మావంటి వారు తల్లిపాల ప్రాశస్త్యమును గూర్చి ఉపన్యసించుచుందురు. పాలిచ్చు తల్లులు వెనుక వరుసలో ఏడ్చు బిడ్డలను ఊరడించుచు నిలిచియుందురు. అనుభవము గలవారు క్రింద, ఉపన్యసించువారు పైన!

ఆగస్టు మొదటి వారమున జరుగు తల్లిపాల వారోత్సవములలో ఒకమారు ఒక గ్రామమున ఈ క్రమము మారినది. మూడు నెలల బిడ్డ నెత్తుకొన్న యువతి యొకతె మైకు వద్దకు వచ్చెను. "పాలు చాలడం లేదని మూడోనాడే అందరూ అన్నారు. పోతపాలు పట్టమన్నారు. బిడ్డ ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను. ఈ బిడ్డ నాకెందుకు పుట్టిందా అని ఒక రాత్రి అనుకున్నాను. ఆ మాట ఎవరితో చెప్పాలో తెలియలేదు" అని ఆమె పలికెను. సభ నిశ్శబ్దమైనది. ఆశా కార్యకర్త వచ్చి బిడ్డను రొమ్మునకు పట్టించు తీరు సరిదిద్దినదనియు, 40 దినములు దాటిన పిమ్మట బిడ్డ తనను చూచి తొలిసారి నవ్విననాడు అలసట యంతయు మరచితిననియు ఆమె తరువాత చెప్పెను. ముందు వరుసలో కూర్చున్న ఆమె అత్తగారు లేచి, "మా కాలంలో మేమూ ఏడ్చాం అమ్మాయీ. చెప్పుకోలేదు, అంతే" అనెను. ఆనాటి మా ఉపన్యాసము లన్నిటికన్న ఈ మాటలే ఊరివారి మనస్సులలో నిలిచినవి.

ఇది కేవలము కంటతడి పెట్టించు విషయము కాదు. ప్రాణములు నిలుపు విషయము. జార్ఖండ్, ఒడిశా రాష్ట్రములలోని మూడు జిల్లాలలో 2005 నుండి 2008 వరకు 'ఏక్‌జుట్' అను స్వచ్ఛంద సంస్థ ఒక ప్రయత్నము చేసినది. స్థానిక మహిళ యొకతె నడుపగా, స్త్రీలు నెలకొకసారి కూడిరి. కథల ద్వారా, బొమ్మల చీట్ల ద్వారా కాన్పు కష్టములను, పసికందుల ఆపదలను ముచ్చటించుకొనిరి. తమకు తోచిన ఉపాయములను ఊరివారందరి ముందు ఉంచి, వారి తోడ్పాటుతో అమలుపరచిరి. ఇట్టి సంఘములు లేని ప్రాంతములతో పోల్చగా, సంఘములున్న చోట నవజాత శిశు మరణములు 32 శాతము తక్కువగా ఉన్నట్లు 2010లో ప్రకటించిన ఫలితములు తెలుపుచున్నవి. మూడవ సంవత్సరమున తల్లులలో ఒక మోస్తరు మానసిక కుంగుబాటు కూడ 57 శాతము తక్కువగా కనబడెను. ఇట్టి మహిళా సంఘములను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సిఫారసు చేసినది.

తల్లులు తమ అనుభవమును చెప్పుచుండగా, ఆరోగ్య కార్యకర్త ప్రక్కన నిలిచి నాలుగు సంగతులు స్పష్టము చేయవలెను. మొదటిది, పుట్టిన గంటలోపల బిడ్డకు ముర్రుపాలు పట్టవలెను. తేనె, పంచదార నీళ్ళు నాకింపరాదు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును, మంచినీరు సైతము అక్కరలేదు. రెండవది, పాలు బాగుగా పడుటకు రెండు మూడు దినములు పట్టుట సహజము. అంతమాత్రమున పాలు లేవని తల్లిని బెదరించరాదు. మూడవది, పథ్యము పేరిట బాలింత కడుపు మాడ్చరాదు. పాలిచ్చు తల్లికి మొదటి ఆరు నెలలు మామూలుకన్న దినమునకు సుమారు 600 కెలోరీల ఆహారము అధికముగా కావలెను. నాల్గవది, కాన్పైన తొలి దినములలో ఊరక కన్నీరు వచ్చుట చాలమందికి కలుగును. ఆ దిగులు రెండు వారములు దాటినను వీడనిచో అది జబ్బు. గాలి, దయ్యము కాదు. వైద్యునికి చూపవలెను. 14416 నంబరుకు ఫోను చేసినను టెలీమానస్ వారు ఉచితముగా సలహా చెప్పుదురు.

వేదికను ఏర్పరచుట కష్టము కాదు. ప్రతి నెల జరుగు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ దినమును ఇందుకు వినియోగింపవచ్చును. సభ పగటిపూట జరుగవలెను. నీడ, మంచినీరు, చీర ఉయ్యాలలు రెండు సిద్ధముగా నుండవలెను. ముందు వరుసలలో భర్తలను, అత్తమామలను కూర్చుండబెట్టవలెను; ఎవరు వినవలెనో వారే ఎదుట నుండుట ముఖ్యము. నేరుగా మాటాడుటకు సిగ్గుపడు తల్లుల కథను బుర్రకథగా కూర్చవచ్చును. కథకుడు తల్లి కథను నడుపును. హాస్యము చెప్పు వంత ఊరి అపోహలను అడుగును. రాజకీయము చెప్పు వంత వానికి సమాధానమిచ్చి పథకములను వివరించును. ఎవరి పేరును, ఏ ఇంటి గుర్తును అందులో రాకుండుట మేలు.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. ఏ తల్లిని బలవంతముగా వేదిక నెక్కింపరాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి మాటాడగోరినచో ఓర్పుతో వినవలెను గాని, తప్పెవరిదని విచారణ చేయరాదు. అనుమతి లేక ఫోటోలు తీయరాదు. ఆమె ఇంటికి వెళ్ళిన పిమ్మట ఆ మాటలకై ఎవరును దెప్పకుండ చూచుటయు సభ్యుల బాధ్యతయే.

స్త్రీ శిశు అభివృద్ధి, ఆరోగ్యము, పారిశుద్ధ్యము రాజ్యాంగము 11వ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగా పేర్కొనబడియున్నవి. కావున తల్లులు చెప్పిన కష్టములలో పంచాయతీ తీర్పగలవానిని తీర్మాన పుస్తకమున వ్రాయవలెను. రాత్రివేళ ఆసుపత్రికి వాహనము దొరకలేదా? బాలింత దూరపు బావినుండి నీరు మోయుచున్నదా? అంగన్‌వాడి కేంద్రమునకు దారి బురదగా నున్నదా? మరుసటి సభలో, ఏది జరిగినది, ఏది జరుగలేదు అని అదే వేదికపై తెలుపవలెను. విని ఊరకున్నచో రెండవమారు ఏ తల్లియు నోరు విప్పదు.

బిడ్డ ఏడ్చిన ఇల్లంతయు పరుగిడును. తల్లి కన్నీటిని గమనించు ఊరు కూడ మన గ్రామము కావలెను. వచ్చు ఆరోగ్య దినమున ఒక కుర్చీని, ఒక మైకును ఆమెకై ఉంచి, మనము క్రింద కూర్చుండి విందము.