కాంక్రీటులోని త్రుప్పును తెలుపు పరికరములు

గత వర్షాకాలములో సముద్రతీర గ్రామమొకదానిలో విత్తనాల గిడ్డంగి చూడబోయితిని. ముందురాత్రి కప్పునుండి మూరెడు మేర పెచ్చు ఊడి బస్తాలపై పడియుండెను. పగలు పడియున్నచో హమాలీలలో ఎవరి ప్రాణమునకో ముప్పు వచ్చెడిది. కప్పులోని చువ్వలు పొరలుపొరలుగా త్రుప్పు లేచి సగమునకు చిక్కిపోయినవి. నిరుడు నేనే అచ్చట గోధుమవన్నె మరకలను చూచితిని. వాననీటి మరకలని తలచి ఊరకుంటిని. తరువాత ఎవరో వానిపై సున్నము కూడ వేసిరి. ఆ పొరపాటు మరియొకచోట జరుగకూడదని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

త్రుప్పు ఎట్లు పట్టును?

మంచి కాంక్రీటుకు క్షారగుణము హెచ్చు. భూసార పరీక్షలో మనము చూచు పి.హెచ్. అంకె కొత్త కాంక్రీటులో 12.5కు పైగా ఉండును. దీనివలన చువ్వపై కంటికి కనబడని రక్షణపొర ఏర్పడును. ఉప్పులోని క్లోరైడు లోనికి దిగినచో ఆ పొర తెగును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు క్రమముగా క్షారగుణమును తగ్గించి అదే కీడు చేయును. పుట్టిన త్రుప్పు, తినివేయబడిన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్ల చోటు ఆక్రమించును. ఆ ఒత్తిడికి కాంక్రీటు పగులును. కనుక పైకి పగులు కనబడునప్పటికి లోపల రోగము ముదిరియుండును.

ఇటలీలోని జెనోవా నగరములో 1967లో ప్రారంభమైన పెద్ద వంతెన 2018 ఆగస్టు 14న కూలగా 43 మంది మరణించిరి. ఆ వంతెనను మోయు ఉక్కుతీగలు కాంక్రీటు తొడుగులో ఉండుటచే వానికి పట్టిన త్రుప్పు పైకి కనబడలేదు.

లోపలి సంగతి తెలుసుకొనుట

జర్మనీలో రూపొందిన పరికరమొకటి చిన్న నిచ్చెన వలె ఉండును. మెట్లు ఇనుపవి. కాంక్రీటు పోయుటకు ముందే దీనిని వాలుగా అమర్చుదురు. మొదటి మెట్టు పైతట్టుకు దగ్గరగాను, చివరి మెట్టు అసలు చువ్వల లోతునను ఉండును. ఉప్పు దిగి ఒక మెట్టును చేరగానే, ఆ మెట్టుకును ప్రక్కనున్న త్రుప్పుపట్టని లోహపు కడ్డీకిని నడుమ స్వల్పముగా విద్యుత్తు పారును. ఎన్ని మెట్లు దాటినదో చూచి, అసలు చువ్వలకు ఎప్పుడు ముప్పు వచ్చునో అంచనా వేయుదురు.

అయితే దీనికి తీగలు బయటకు లాగి, మనిషి మీటరుతో వెళ్లి చూడవలెను. బ్యాటరీ లోపల పెట్టినచో, అది అయిపోయినప్పుడు మార్చుటకు వీలు లేదు. అందుచే శాస్త్రజ్ఞులు తనకు కావలసిన శక్తిని తానే సమకూర్చుకొను నిస్తంత్రీ పరికరములపై కృషి చేయుచున్నారు.

నిమ్మకాయలో రాగిరేకు, జింకురేకు గ్రుచ్చినచో కొద్దిపాటి విద్యుత్తు పుట్టుట బడిపిల్లలకు తెలిసినదే. త్రుప్పు పట్టుట కూడ ఇట్టి చర్యయే. ఆ విద్యుత్తు రేడియో నడుపుటకు వెంటనే చాలదు. ఊట తక్కువగల బావిలో రాత్రియంతయు నీరు ఊరనిచ్చి తెల్లవారి మోటారు వేసినట్లు, పరికరము ఆ శక్తిని కెపాసిటరులో కూడబెట్టి, చాలినంత కాగానే చిన్న వార్తను పంపి మరల నిద్రించును. ఎండతోను, వంతెనపై బండ్లు పోవునప్పటి అదురుతోను నడచు రకములు కూడ కలవు. అయితే స్వయంశక్తి రకములు నేటికిని చాలవరకు పరిశోధన దశలోనే ఉన్నవి. గ్రామ గిడ్డంగికి కొని పెట్టుకొను స్థితి ఇంకను రాలేదు.

అంతవరకు మనము చేయవలసినవి

1. కాంక్రీటు కలుపు నీటిని పరీక్ష చేయించవలెను. చువ్వలు గల కాంక్రీటుకు వాడు నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని ఐ.ఎస్. 456 ప్రమాణము. ఉప్పునీటి బోరు పనికిరాదు. సముద్రపు ఇసుక అసలే వాడరాదు.

2. సముద్రపు గాలి నేరుగా తగులు కట్టడములలో చువ్వపై 45 మిల్లీమీటర్ల కాంక్రీటు ఉండునట్లు చూడవలెను.

3. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో దాదాపు సగము క్లోరైడే. బస్తాలను చెక్కపలకలపై, గోడకు ఎడముగా పేర్చవలెను. ఒలికినదానిని తడి తగులకముందే ఊడ్చివేయవలెను.

4. ఏటా వానలకు ముందొకసారి, తరువాత ఒకసారి గిడ్డంగి కప్పును, కాలువ వంతెనలను పరిశీలించవలెను. చువ్వల వెంబడి పగుళ్లు, గోధుమ మరకలు, చిన్న సుత్తితో తట్టినప్పుడు డొల్లధ్వని త్రుప్పునకు గుర్తులు. తట్టువారు పెచ్చు మీద పడని చోట నిలువవలెను.

5. గుర్తు కనబడినచో దాని క్రింద మనుషులను ఉండనీయక, తేదీతో వ్రాసి ఇంజనీరుకు తెలుపవలెను. సిమెంటు పూసి, సున్నము వేసి మరుగుపరచరాదు.

ఆ గిడ్డంగి కప్పు ఒక ఏడు ముందుగానే మరకల రూపమున మాకు వార్త పంపినది. చదువుకొనలేకపోయినది మేమే.