ముసలి పిల్లి - మన బాధ్యత

హజ్రత్ అబూ ఖతాదా (రజి) గారికి కోడలు కబ్షా వుజూ కొరకు నీళ్లు పెట్టారు. అంతలో ఒక పిల్లి వచ్చింది. అది తాగేందుకు వీలుగా ఆయన పాత్రను వంచి పట్టుకున్నారు. ఆమె ఆశ్చర్యపోగా, పిల్లి అశుద్ధం కాదనీ, మన చుట్టూ తిరుగాడే వాటిలో ఒకటనీ దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చినట్లు తెలిపారు. ఈ ఉల్లేఖనం ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి 'మువత్తా'లోను, అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలోను కలదు.

పిల్లి మూత్రం సంగతి వేరు. అది నజాసత్. ముసలి పిల్లి ఉన్న ఇంట చిక్కు ఇక్కడే వస్తుంది. మా పిల్లికి పదిహేనేళ్లు నిండాక ఒకనాడు జానమాజ్‌ను తడిపింది. "దీన్ని బజారులో వదిలి రా నాయనా" అన్నారు మా అమ్మ.

పిల్లిని బంధించి చంపిన స్త్రీని గురించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఆమె దానికి తిండి పెట్టలేదు. పురుగూ పుట్రా ఏరుకు తినేందుకు విడిచిపెట్టనూ లేదు. అంటే ఆమె ముందు రెండు మార్గాలుండెను. పళ్లరిగి, కీళ్లు బిగిసిన పిల్లికి రెండవ మార్గం మూసుకుపోయినట్లే. వేటాడలేని దానిని వీధిలో వదలడం విడుదల కాజాలదని నాకు తోచింది.

పదేళ్లు దాటిన పిల్లిని ముసలిదిగా పరిగణించవచ్చు. అది ఇల్లు తడపడం కొంటెతనం కాదు. మూత్రపిండాలు బలహీనపడితే మూత్రం చిక్కబడదు; అందుచేత ఎక్కువ తాగుతుంది, ఎక్కువ పోస్తుంది. మధుమేహం ఉన్నా ఇంతే. కాబట్టి నీళ్లు తగ్గించడం ప్రమాదం. బాగా తింటూనే చిక్కిపోతే థైరాయిడ్ దోషం కావచ్చు. నోటి దుర్వాసన పంటి జబ్బుకు గుర్తు. మనం వాడే నొప్పి మాత్రలు ఎన్నడూ ఇవ్వరాదు. పిల్లి కాలేయం పారాసెటమాల్‌ను విరిచివేయలేదు, ఒక్క మాత్రయినా ప్రాణం తీయగలదు. ఏడాదికి రెండు పర్యాయాలు పశువైద్యునికి చూపడం మంచిది.

మేము జానమాజ్‌ను ఉతికి ఆరవేశాము. నమాజు కాగానే మడిచి పెట్టెలో ఉంచడం అలవాటు చేసుకున్నాము. అంచు తక్కువగా ఉన్న పళ్లెంలో ఇసుక పోసి, పిల్లి పడుకునే చోటికి దగ్గరగా పెట్టాము. వైద్యుడు మూత్రపిండాల జబ్బని తేల్చి, ఆహారం మార్చాడు. అది మరో ఏడాదిన్నర బతికింది. చివరి నెలల్లో దాని నీళ్ల గిన్నెను నింపింది మా అమ్మే.