అత్త మీద కోపం సెన్సర్ మీద

బరంపురం రోడ్ల మీద పదిహేనేళ్ళు దాటిన కార్లకు కొదవలేదు. ట్రాఫిక్‌లో ఆగితే ఇంజిన్ ఊగిపోవడం, రేస్ దానంతటదే లేచి పడడం, ఏసీ వేయగానే బండి ఆగిపోవడం వాటి మామూలు జబ్బులు. డాష్‌బోర్డు మీద పసుపు లైటు కూడా వెలిగితే ఇక చర్చే ఉండదు, సెన్సర్ పోయింది మార్చేయమంటారు. నా ఉద్దేశంలో ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటే. అందులోనూ ఈ గంజాం జిల్లా తీరంలో సెన్సర్‌ను అనుమానించడం చివరి పని కావాలి.

కార్బొరేటర్ బండికి స్క్రూడ్రైవర్‌తో స్లో స్క్రూ తిప్పితే సరిపోయేది. 2000 ప్రాంతంలో మారుతి 800కి కూడా ఎంపీఎఫ్ఐ అనే పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతి వచ్చాక గాలి, పెట్రోలు లెక్క కంప్యూటర్ చేతికి పోయింది. గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి అందేలా అది చూసుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు థ్రాటిల్ పలక దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి, ఇంజిన్ బతికేది పక్కనున్న సన్నని దారిలోంచి వచ్చే కాస్త గాలితోనే. అక్కడ మసి పేరుకున్నా, వాక్యూమ్ హోసు చీలి అదనపు గాలి దూరినా వెంటనే తేడా కొడుతుంది. అదే బండి హైవే మీద ఎనభైలో పోతుంటే అంత గాలిలో ఈ లోపం కలిసిపోయి కనబడదు. వేగంలో బాగుండి, ఆగితేనే పేచీ పెడుతోందంటే ముందు గాలి దారినే చూడాలి.

రెండో అనుమానం ఉప్పుగాలి మీద. హుమ్మాలో ఉప్పు పండే జిల్లా ఇది. గోపాలపూర్ సముద్రం బరంపురానికి సుమారు 15 కిలోమీటర్లు. సెన్సర్ వైర్ల కప్లర్ ఊడదీసి చూస్తే పిన్నుల మీద పచ్చగా చిలుము, బ్యాటరీ నెగటివ్ వైరు బాడీకి బిగించిన బోల్టు కింద తుప్పు. థ్రాటిల్ సెన్సర్‌కు అందేది 5 వోల్టులు. కాలు తీసినప్పుడు అది చాలా బళ్ళలో అర వోల్టు ప్రాంతంలో చూపించాలి. ఎర్త్ దగ్గర పావు వోల్టు ఆగిపోయినా కంప్యూటర్‌కు కాలు ఇంకా తొక్కే ఉందనిపిస్తుంది. సెన్సర్ కొత్తదైనా తుప్పు పాతదే కదా!

స్కానర్ చెప్పింది కదా అంటారు. స్కానర్ లక్షణం చెబుతుంది, దోషి పేరు చెప్పదు. పీ 0171 కోడ్ వస్తే గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని అర్థం. ఆ సంగతి కనిపెట్టింది ఆక్సిజన్ సెన్సరే. నిజం చెప్పినందుకు దాన్నే పీకేస్తారు. హోసు చీలిందో, పెట్రోలు పంపు నీరసించిందో ఎవరూ చూడరు. పైగా మన దేశంలో ఇలా కోడ్‌లు చూపే డయాగ్నస్టిక్ వ్యవస్థ తప్పనిసరి కావడం మొదలైంది 2010లోనే. అంతకు ముందు బళ్ళలో చాలావాటికి చవక స్కానర్ అతకనే అతకదు. వెతుకుతూ కూర్చునే కూలి కంటే పార్టే చవక అన్న వాదనలో కొంత నిజముంది. ఒక్క పార్టుతో ఆగితే సరే, ఊహ మీద మూడు మారిస్తే ఆ చవక ఎక్కడ? అందులో ఒకటి నకిలీదైతే కొత్త రోగం. ఇందులో మెకానిక్‌ది మాత్రమే తప్పు కాదు. కొత్త పార్టు డబ్బా చూపిస్తే డబ్బులిస్తాం గానీ, గంటసేపు వెతికి తుప్పు గీకినందుకు ఇవ్వడానికి మనకు చేయి రాదు.

సెన్సర్లు అసలు పోవని కాదు. కూలెంట్ సెన్సర్‌నే తీసుకోండి. చల్లటి ఇంజిన్‌కు కప్లర్ తీసి మల్టీమీటర్ పెడితే చాలా బళ్ళలో రెండు మూడు వేల ఓములు చూపిస్తుంది, బాగా వేడెక్కాక రెండు మూడు వందలకు దిగాలి. దిగకుండా అక్కడే నిలిచిపోతే, అప్పుడు మార్చండి.